కిటికీ వైపు తిరిగిన కెమెరా

మీరు తీసిన మొట్టమొదటి షాట్ ఏదండీ అని అడిగినవాళ్లందరికీ ఇన్నేళ్లూ నేను ఒకటే జవాబు చెప్పాను. అది ఒక కిటికీ అని, దాన్ని మా బాబాయి చెరిపేశాడని. టీవీల్లో చెప్పాను, సినిమా చదువుకునే పిల్లల ముందు చెప్పాను, రాజమండ్రిలో నాకు సన్మానం చేసినప్పుడు బాబాయి ముందువరసలో కూర్చుని ఉండగానే చెప్పాను. ఆయన తలవంచుకుని కండువా సర్దుకున్నాడు. పక్కనున్న పిన్ని మాత్రం నా వైపు ఓసారి, ఆయన వైపు ఓసారి చూసింది. ఆ చూపు ఏమిటో అప్పుడు పట్టించుకోలేదు. ఆ జవాబులో సగం తప్పని పోయిన నెలలో తెలిసింది. కాబట్టి ఆ సగం దిద్దుకుంటున్నాను. మిగతా సగం విషయంలో నా మాట నాదే, ఎవరు బాధపడినా సరే.

బాబాయి పోయి ఏడాదైంది. సంవత్సరీకానికని రావులపాలెం వెళ్లాను. భోజనాలయ్యాక పిన్ని నన్ను మేడ మీది గదిలోకి తీసుకెళ్లింది. ఒకప్పుడు అది బాబాయి పెళ్లి వీడియోలు కత్తిరించి పాటలు కలిపే మిక్సింగ్ గది. రెండు వీసీఆర్‌లు, ఒక టీవీ, పెళ్లి పాటల ఆడియో క్యాసెట్ల డబ్బా, వీటి మధ్య రెండు కుర్చీలు పట్టేంత చోటు. ఇప్పుడక్కడ బియ్యం బస్తాలున్నాయి. మూల ట్రంకు పెట్టెలోంచి బాబాయి కెమెరా బ్యాగు తీసి నా ఒళ్లో పెట్టింది పిన్ని. కెమెరా ఎప్పుడో అమ్మేశాడు. బ్యాగులో ఒకే ఒక వీడియో క్యాసెట్ ఉంది. దాన్ని తిప్పి, మీదున్న లేబులు రెండుసార్లు చదివాను.

బాబాయి సంగతి తెలిసినవాళ్లకే అదెందుకో అర్థమవుతుంది. ఆయన ఏ క్యాసెట్‌నీ దాచి ఉంచే మనిషి కాదు. కెమెరాలోంచి వచ్చిన మాస్టర్ క్యాసెట్‌ను మిక్సింగ్ అయిపోగానే చెరిపి, దాని మీద ఇంకో పెళ్లి తీసేవాడు, ఆ తరవాత ఇంకోటి. పాత లేబులు పీకే ఓపిక కూడా ఉండేది కాదు, దాని మీదే కొత్తది అతికించేవాడు. గోరుతో గీరితే ఒకే క్యాసెట్ మీద నలుగురు పెళ్లికూతుళ్ల పేర్లు కనిపించేవి. ఈ క్యాసెట్ మీద లేబులు ఒక్కటే ఉంది. బాబాయి గుండ్రటి చేతిరాతలో, ‘సుభద్రమ్మగారి అమ్మాయి పెళ్లి. చెరపవద్దు’ అని. నా కిటికీ ఉన్నది ఆ పెళ్లిలోనే.

మా నాన్న ఏజెన్సీ ఊళ్లో బడిపంతులు. అక్కడ కాలేజీ లేదు గనక డిగ్రీకి నన్ను రావులపాలెంలో బాబాయి ఇంట్లో ఉంచారు. ఇంట్లో బాబాయి, పిన్ని, మా నాయనమ్మ. వీధికి రెండు సందుల అవతల అరటిపళ్ల మార్కెట్టు. తెల్లారేసరికి లారీలు, గెలల మీద కప్పిన ఎండుటాకులు, తెగిన బొందల పచ్చివాసన. ఆ వాసన మా బట్టలకీ, పుస్తకాలకీ, బాబాయి కెమెరా బ్యాగుకీ కూడా పట్టేసేది. ఈ రోజుకీ ఎక్కడైనా పచ్చి అరటిబొంద వాసన తగిలితే నా చెయ్యి ఫోకస్ రింగు కోసం వెతుక్కుంటుంది. జ్ఞాపకాలు రాసేవాళ్లు ఇలాంటివి కల్పిస్తారని నాకు తెలుసు. ఇది కల్పన కాదు.

ముహూర్తాల రోజుల్లో ఆ ఇంట్లో ఉదయం ఒక పద్ధతి ప్రకారం నడిచేది. బాబాయి స్నానం చేసి, కెమెరాకి కుంకుమ బొట్టు పెట్టి, బ్యాటరీలు రెండుసార్లు లెక్కచూసి, బ్యాగు జిప్పు లాగేవాడు. ఆ జిప్పు చప్పుడు వినగానే నాయనమ్మ, చేస్తున్న పత్తివత్తుల పళ్లెం పక్కన పెట్టి, పెరట్లో నీళ్ల గాబు దగ్గరికి వెళ్లిపోయేది. పిన్ని ఇత్తడి చెంబుతో నీళ్లు పట్టుకుని వీధిలోంచి ఎదురొచ్చేది. బాబాయి స్కూటరు సందు తిరిగిన చప్పుడు వినిపించాక నాయనమ్మ మళ్లీ లోపలికొచ్చి వత్తులు చేసుకునేది. వెళ్లమని ఆవిడకి ఎవరూ చెప్పగా నేను వినలేదు. వద్దని ఎవరూ చెప్పగా కూడా వినలేదు. బాబాయికి తల్లంటే ప్రాణం. ఏ పెళ్లికి వెళ్లినా ఆవిడ కోసం కాగితంలో రెండు కాజాలు కట్టి తెచ్చేవాడు, రోజూ కాళ్లు పట్టేవాడు. బయల్దేరేటప్పుడు మాత్రం ఆ మొహం ఎదురు కాకూడదు. తాతయ్య పోయిన దగ్గర్నించీ అంతే.

ఒకసారి నాయనమ్మనే అడిగాను, నీకు కోపం రాదా అని. “కోపమెందుకే, వాడి మంచికేగా,” అంది. నాకు మాత్రం వచ్చింది. అప్పట్లో ఆ కోపాన్ని ఏం చెయ్యాలో తెలియక అన్నం మీద చూపించేదాన్ని.

నా చేతికి కెమెరా ఇవ్వడం బాబాయి తెలివి. మగ కెమెరావాళ్లని పెళ్లికూతురి గదిలోకి రానివ్వరు. మంగళస్నానం ముందు నలుగు, జడ వెయ్యడం, నగలు పెట్టడం, తల్లీకూతుళ్ల ఏడుపులూ అన్నీ తలుపు వెనకే జరిగిపోతాయి. ఆడపిల్ల కెమెరా పట్టుకొస్తే అవన్నీ క్యాసెట్లోకి వస్తాయి. బాబాయి స్టిల్స్ తీసేవాడు, వీడియో నాది. కోనసీమ అంతా తిరిగాం. పడవ మీద బ్యాటరీ పెట్టె పెట్టుకుని గోదావరి పాయలు దాటాం. “ఆ పిల్లేనండీ వీడియో తీసేది, ఆయ్,” అని పెళ్లివారు నన్ను చూపించేవాళ్లు. భుజం నొప్పి పుట్టేది, మెడ పక్కన చర్మం ఒరుసుకుపోయేది. అయినా ఆ కంటి రబ్బరుకి కన్ను ఆనించాక నాకు ఇంకెవరూ చెప్పాల్సిన పని ఉండేది కాదు. ఎవరిని చూడాలో నేనే తేల్చుకునేదాన్ని.

సుభద్రమ్మగారి అమ్మాయి పెళ్లి పగటి ముహూర్తం. ఇంటి ముందే పందిరి. సుభద్రమ్మగారికి భర్త పోయి చాలా ఏళ్లు. కూతుర్ని ఒంటిచేత్తో పెంచి, చదివించి, సంబంధం కూడా తనే కుదిర్చారు. కానీ కన్యాదానం దంపతులు చెయ్యాలి కదా, పీటల మీద పెళ్లికూతురి పెదనాన్న మూర్తిగారూ ఆయన భార్యా కూర్చున్నారు. పొద్దున పెళ్లికూతురి గదిలో జడ వేస్తున్నప్పుడు సుభద్రమ్మగారు గుమ్మం దాకా వచ్చి, అక్కణ్ణించే, “ఆ జడ నాగరం కాస్త కిందకి దించండర్రా, మెడ నొప్పి పెడుతుంది దానికి,” అన్నారు. కూతురు “అమ్మా, నువ్వే పెట్టు” అంది. ఆవిడ చేతులు వెనక్కి పెట్టుకున్నారు. నేను తీస్తూనే ఉన్నాను.

ముహూర్తం దగ్గరపడింది. అడ్డుతెర పట్టుకున్నారు. జీలకర్ర బెల్లం చేతుల్లో పెట్టారు. ఆ క్షణం తప్పిపోతే వీడియోవాడికి ఇక బతుకు లేదు, మా వృత్తిలో మొదటి పాఠం అదే. నా కెమెరా పెళ్లికొడుకు చేతి మీద ఉంది. వసారాకి అవతల, లోపలి గది కిటికీ నా కంటికి పక్కన కనిపిస్తోంది. చువ్వల వెనక సుభద్రమ్మగారు నిలబడి ఉన్నారు. ఎత్తు చాలక మునివేళ్ల మీద నిలబడ్డారు. గుప్పిట్లో అక్షింతలున్నాయి. గట్టిమేళం మోగింది, అందరూ లేచారు. నేను కెమెరా తిప్పేశాను.

ఆవిడ చువ్వల మధ్యలోంచి చెయ్యి మోచేతి దాకా బయటికి చాచి అక్షింతలు విసిరారు. మళ్లీ గుప్పిట నింపుకుని మళ్లీ విసిరారు. తరవాత అదే చేత్తో చువ్వ పట్టుకుని, నుదురు దానికి ఆనించి, చూస్తూ ఉండిపోయారు. మేళం ఆగేదాకా నేను అక్కణ్ణించి కదల్లేదు. తిరిగి చూసేసరికి తెర తీసేశారు, తలల మీద జీలకర్ర బెల్లం పెట్టడం అయిపోయింది.

పొరపాటున పడిందని బాబాయి తరవాత అందరికీ చెప్పుకున్నాడు. పొరపాటు కాదు. తీసేటప్పుడు తెలిసే తీశాను, మిక్సింగ్‌లో తెలిసే ఉంచాను. సీజను రద్దీలో ఆయన సరిచూడలేదు. టైటిళ్లలో హృదయం గుర్తులూ గులాబీలూ వేసి, ఆ కిటికీ మీద మాత్రం ఏ పాటా వెయ్యకుండా మేళమే ఉంచి, క్యాసెట్ ఇచ్చేశాను.

పెళ్లికొడుకు ఇంట్లో చుట్టాలందరినీ కూర్చోబెట్టి, టీవీకి బొట్టుపెట్టి మరీ వేశారట. ముహూర్తం వేళకి అందరూ ముందుకి జరిగారట. కనిపించింది వితంతువు మొహం. మర్నాడు పొద్దునే మూర్తిగారు ఇద్దరు పెద్దమనుషులతో, ఇంటి ముందరి గదిలో బాబాయి నడిపే స్టూడియోకి వచ్చారు. కేకలు వెయ్యలేదు. అంతకంటే మర్యాదగా మాట్లాడారు.

“ఏంటండీ ఇది? కొత్త జంట కలకాలం చూసుకోవాల్సిన క్యాసెట్టండీ. శుభమా అని ముహూర్తం వేళ ఆ మొహమాండీ?”

“పొరపాటైపోయిందండీ. పిల్ల, తెలీక తీసిందండీ. ఆ ముక్క తీసేసి, నా స్టిల్స్ పెట్టి, మంత్రం కలిపి ఇచ్చేస్తానండీ,” అన్నాడు బాబాయి.

“ఆ మొహం మీ మరదలిదేనండీ. పెళ్లికూతురి తల్లిదండీ,” అన్నాను.

మూర్తిగారు నా వైపు చూడలేదు. బాబాయితోనే, “ఆడపిల్ల చేతికిచ్చారు చూశారూ, అదండీ,” అనేసి వెళ్లిపోయారు.

ఆ మధ్యాహ్నం మిక్సింగ్ గదిలో బాబాయి క్యాసెట్ నా ముందు పెట్టాడు. చెప్పినట్టు ఆ ముక్క తీసెయ్యమన్నాడు. తియ్యనన్నాను. ఇది వ్యాపారమే సత్యా అన్నాడు. తెలుసన్నాను. నాలుగూళ్లలో పేరు పోతుందన్నాడు. నాయనమ్మ కింద పెరట్లో ఉంది, వినిపించకూడదని ఇద్దరం గొంతు తగ్గించే పోట్లాడుకున్నాం. చివరికి, “నువ్వు తియ్యకపోతే నేను తీస్తాను. నువ్వు మాత్రం మళ్లీ కెమెరా ముట్టుకోవద్దు. తేల్చుకో,” అన్నాడు. ఆయన బెదిరిస్తున్నాడనుకోలేదు. కెమెరా లేకపోతే నేనేం చేస్తానో కూడా నాకు తెలియదు. బ్యాగు తీసి ఆయన కుర్చీ మీద పెట్టి కిందకి దిగిపోయాను. తలుపు వెనక వీసీఆర్ బటన్లు టకటకమనడం మెట్ల మీద వినిపించింది. మాస్టర్ కూడా అలవాటు ప్రకారం చెరిపేసి ఉంటాడని అనుకున్నాను. అడగలేదు, ఆయన చెప్పలేదు.

పరీక్షలయ్యాక హైదరాబాద్ బయల్దేరాను. నాన్న స్నేహితుడి ద్వారా ఒక డైరెక్టరు దగ్గర అసిస్టెంటుగా చోటు దొరికింది. బయల్దేరే రోజు నా సంచీ జిప్పు లాగగానే నాయనమ్మ లేచి పెరట్లోకి నడిచింది. వెనకే వెళ్లాను. నువ్వే ఎదురు రా నాయనమ్మా అన్నాను. బతిమాలాను, ఏడ్చాను. ఆవిడ గాబు అంచు పట్టుకుని అటు తిరిగి నిలబడింది. “మొదటిసారి దూరం వెళ్తున్నావు. నా మాట విను తల్లీ, నా మొహం చూడకుండా వెళ్లు,” అంది. బస్సు వేళయిపోయింది. నేను వెళ్లిపోయాను. నాకు మొదటి సినిమా రాకముందే ఆవిడ పోయింది. ఆ రోజు బస్సు వదులుకోనందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

హైదరాబాద్ కథ వేరేచోట రాశాను, ఇక్కడ రెండు ముక్కలు చాలు. డైరెక్షన్ డిపార్ట్‌మెంటులో ఆడపిల్లంటే చీరల రంగులు రాసుకోవడానికి పనికొస్తుందనుకున్నారు. నేను రాసిన సీన్లని నా ముందే ఇంకొకరివిగా చదివారు. నిలబడ్డాను. నా మొదటి సినిమా ముహూర్తం రోజు మా కాస్ట్యూమ్స్ చూసే పెద్దావిడ చేత దీపం వెలిగించమన్నాను. ఆవిడకి భర్త లేడు. నిర్మాత తరపు పెద్దమనిషి పక్కకి పిలిచి, “మీకు తెలీదేమో మేడమ్,” అని మొదలుపెట్టాడు. నాకు తెలిసే చెబుతున్నానని, దీపం ఆవిడ వెలిగించకపోతే సినిమా ఇంకెవరైనా తీసుకోవచ్చని చెప్పాను. ఆవిడే వెలిగించింది. ఆ సినిమా ఆడలేదు. ఎందుకు ఆడలేదో చాలామంది నాకు వివరించారు. రెండో సినిమాకీ ఆవిడ చేతే వెలిగించాను. అది ఆడింది, అప్పుడు మాత్రం ఎవరూ ఏమీ వివరించలేదు.

క్యాసెట్ పట్టుకుని మర్నాడు పిన్నిని కూడా ఎక్కించుకుని రాజమండ్రి వెళ్లాను. పాత క్యాసెట్లని పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించే షాపు ఉందక్కడ. బూజు పట్టి ఉంటుందని భయపడ్డాను. షాపతను తెరిచి చూసి, “బాగా వాడిన టేపండీ. వాడుతున్నారు కాబట్టే పాడవలేదు,” అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఎవరు వాడారు? పిన్ని నా పక్కన బల్ల మీద కూర్చుని, తెర వైపు చూస్తూ, మెల్లిగా చెప్పింది.

నేను హైదరాబాద్ వెళ్లిన కొన్నాళ్లకి ఒక మధ్యాహ్నం సుభద్రమ్మగారు బస్సెక్కి ఒక్కరే స్టూడియోకి వచ్చారట. పెళ్లికొడుకు ఇంట్లో క్యాసెట్ వేసినప్పుడు ఆవిడని పిలవలేదు. కూతురు కాపురానికి వెళ్తూ క్యాసెట్ పట్టుకెళ్లింది. కూతురి పెళ్లి ఒక్కసారి చూపిస్తారా అని మెట్టు కిందే నిలబడి అడిగారట. బాబాయి లోపలికి పిలిచి, కుర్చీ వేసి, అన్నీ ఉన్న మాస్టర్‌నే వేశాడు.

“కిటికీ వచ్చేసరికి ఆవిడ కదల్లేదే. మళ్లీ వెయ్యమంది. మూడుసార్లు వేశాడు మీ బాబాయి. ఆఖర్న ఒక్క మాట అడిగింది. ‘నా అక్షింతలు అమ్మాయి దాకా పడ్డాయాండీ?’ అని.”

“బాబాయి ఏమన్నాడు?”

“పడ్డాయండీ, నేను పక్కనే ఉన్నాను, చూశాను అన్నాడు.”

ఆ వసారా వెడల్పు నాకు తెలుసు. కిటికీకీ పందిరికీ మధ్య రెండు మంచాలు పడతాయి. ఒక్క గింజ కూడా చేరి ఉండదు. మూర్తిగారికి ఒక్క మాట ఎదురు చెప్పలేని మనిషి, ఆవిడ ముందు ఆ అబద్ధం తడుముకోకుండా చెప్పాడు.

ఆ తరవాత ఏటా పెళ్లిరోజుకి ఆవిడ వచ్చేవారట. బాబాయి షట్టరు సగం దించి వేసి చూపించేవాడు, పిన్ని కాఫీ ఇచ్చేది. కాళ్లు పనిచేసినంత కాలం వచ్చారు. ఆవిడ పోయాక కూడా బాబాయి ఆ రోజున క్యాసెట్ వేసుకుని ఒక్కడే చూసేవాడట.

“నాకెందుకు చెప్పలేదు పిన్నీ? సభలో అంతమంది ముందు అన్నాను కదా.”

“నేను చెప్తానన్నాను. చెప్తే అది నెత్తికెక్కుతుంది, నేనే గెలిచానంటుంది అనేవాడు.”

అవును, అంటాను. ఇప్పుడూ అంటున్నాను. బాబాయి మంచివాడు, ఆ మంచితనానికి షట్టరు సగం దించుకున్నాడు. పెళ్లికొడుకు ఇంట్లో అందరూ చూడాల్సిన మొహాన్ని ట్రంకు పెట్టెలో దాచాడు. దాచిన షాటూ కత్తిరించిన షాటే. ఆయన చెరపలేదని తెలిసి షాపులో అందరి ముందూ ఏడ్చాను, అది నిజం. ఆయన చేసింది చాలదు, అది కూడా నిజమే. బతికుండగా చెప్పి ఉంటే ఎదురుగా కూర్చోబెట్టి మళ్లీ పోట్లాడేదాన్ని, ఈసారి గొంతు తగ్గించకుండా.

ఆ మర్నాడు తిరుగు ప్రయాణం. ఆ పై వారం నా కొత్త సినిమా ముహూర్తం. ఈసారి మొదటి క్లాప్ పిన్ని చేత కొట్టిస్తానని నిర్మాతకి ముందే చెప్పాను, ఆయన గుటకలు మింగి సరేనన్నాడు. పిన్నికి అప్పటికింకా చెప్పలేదు. సూట్‌కేసు జిప్పు లాగాను. కారు దాకా వెళ్లి వెనక్కి చూస్తే గుమ్మంలో ఎవరూ లేరు. ఎక్కడుంటుందో వెతకాల్సిన పని లేదు. పెరట్లో, గాబు దగ్గర, అటు తిరిగి నిలబడి ఉంది.

“పిన్నీ, ఎదురు రా.”

“నువ్వు బయల్దేరవే. కారు కదిలాక వస్తాను.”

“నువ్వొస్తేనే కదులుతుంది.”

“శుభమా అని కొత్త సినిమా పెట్టుకుంటున్నావు. అత్తయ్యగారు కూడా ఇలాగే…”

“నాయనమ్మప్పుడు బస్సు వెళ్లిపోతుందని వదిలేశాను. ఇప్పుడు కారు నాది. నువ్వు రాకపోతే ముహూర్తం వెళ్లిపోనీ.”

వీధి అరుగు మీదకెళ్లి కూర్చున్నాను. డ్రైవరు ఇంజను ఆపేశాడు. ఎదురింటావిడ ముగ్గు డబ్బా చేత్తో పట్టుకుని చూస్తోంది. పక్కింటాయన పేపరు దించాడు. ఎండ అరుగు మీదకొచ్చింది. హైదరాబాద్ నుంచి రెండు ఫోన్లొచ్చాయి, తియ్యలేదు. లోపల కుళాయి తిప్పిన చప్పుడు, గిన్నె కదిలిన చప్పుడు వినిపించాయి. తరవాత ఇంటి పక్క సందులోంచి పిన్ని వీధిలోకి వచ్చింది. దూరం వెళ్లి, తిరిగి, నాకు ఎదురుగా నడిచి వచ్చింది. చేతుల్లో నీళ్ల చెంబు ఉంది. బాబాయి బయల్దేరినప్పుడల్లా తెచ్చిన ఇత్తడి చెంబే. ఎదురింటావిడని కళ్లెత్తి చూసి, చూపు తిప్పుకోకుండా, నా ముందు ఆగింది.

“చూశావుగా నా మొహం, ఇక లేవవే మొండిదానా,” అంది.